పరువుగల సాక్సులు

అమెరికాలోని అరోరాలో సూర్యప్రకాశ్ గారింటికి మీరెప్పుడైనా వెళ్తే నేరుగా వంటింట్లోకి వెళ్లిపోవచ్చు, పూజగదిలోకి తొంగి చూడొచ్చు, ఆయన రిక్లైనర్‌లో కాళ్లు చాపుకుని కూర్చున్నా ఏమీ అనుకోరు. లాండ్రీ రూమ్‌లోకి మాత్రం అడుగు పెట్టకండి. అది ఆయన సామ్రాజ్యం. ఇల్లినాయి రోడ్ల మీద వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు ఆయన. ఆ వంతెనల మీద ఎంత శ్రద్ధ పెట్టారో నాకు తెలీదు గానీ, ఒక్క జత సాక్సులు ఉతకడానికి పెట్టే శ్రద్ధ చూస్తే మీకు కళ్లు తిరుగుతాయి. తెల్లవి వేరు, రంగువి వేరు. లోపలివైపు తిప్పి ఒకసారి, పైవైపు తిప్పి ఇంకోసారి. ఆరాక జత కలిపి, మడిచి, సొరుగులో వరసగా పేరుస్తారు. పొద్దున వేసుకున్న జత సాయంత్రానికి మారిపోవాలి. ఒకసారి విడిచింది ఉతక్కుండా మళ్లీ కాలికెక్కడం ఆయన జన్మలో జరగలేదు, జరగబోదని కూడా మేమందరం అనుకున్నాం.

అలాంటి మనిషికి దొరికిన ఇల్లాలు ఎవరనుకున్నారు? పద్మిని గారు. ఆవిడ ఈగల సైంటిస్టు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు గానీ, ఈగలు మాత్రం ఆవిడని రిటైర్ కానివ్వలేదు.

ఈగలంటే మన లడ్డూల మీద వాలే ఈగలు కావు. నల్ల ఈగలు. నువ్వుగింజ కంటే కాస్త పెద్దవి, వీపు మీద గూని, జోరుగా పారే నీళ్లలో పుడతాయి, పట్టపగలు కుడతాయి. ఆఫ్రికాలో ఏటి ఒడ్డు ఊళ్లలో ఈ ఈగ ఒకళ్లని కుట్టి, తర్వాత ఇంకొకళ్లని కుట్టినప్పుడు ఒంట్లోకి సన్నటి పురుగుల్ని ఎక్కిస్తుంది. అవి పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లపురుగులు చర్మం కింద పాకుతుంటే దురద అంతా ఇంతా కాదు, మనుషులు రాళ్లతో గోక్కుంటారు. ఏళ్లతరబడి అలా పాకి పాకి కంట్లోకి చేరితే చూపు పోతుంది. ఏటి పక్కన బంగారంలాంటి నేల వదులుకుని ఊళ్లకి ఊళ్లు లేచి వెళ్లిపోయిన రోజులున్నాయి. దీన్ని రివర్ బ్లైండ్‌నెస్ అంటారు.

మందు లేక కాదు. ఉంది. ఊరందర్నీ వరసగా నిలబెట్టి, రంగు గీతలున్న కర్రతో ఎత్తు కొలిచి, ఎత్తుని బట్టి మాత్రలు మింగిస్తారు. ఏళ్లతరబడి ఊరంతా మింగితే జబ్బు పోతుంది. సరే, పోయిందని ఎలా తెలియాలి? ఈగల్ని వేలకొద్దీ పట్టి, వాటిలో పురుగు లేదని తేల్చాలి. అసలు చిక్కంతా అక్కడుంది. ఈగని పట్టేదెలా? ఒక మనిషి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏటి ఒడ్డున ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి కూర్చోవాలి. ఈగ వచ్చి కాలి మీద వాలాలి. అది కుట్టేలోపు దాని మీద చిన్న గొట్టం బోర్లించాలి. కొన్ని ఈలోపే కుట్టేస్తాయి. చేసేదేముంది, గోక్కుంటూ కూర్చోవడమే.

ఉగాండాలో ఒక ఏటి ఒడ్డున ఒడోంగ్ అనే ఆయన అలాగే కూర్చునేవాడు. పద్మిని గారు వయసులో ఉండగా అక్కడ పనిచేసినప్పట్నుంచీ స్నేహం. నవ్వుల మనిషి. ఈమధ్య చూపు మందగించి, ఈగ వాలింది కూడా కనపడక మానేశాడు. మార్చిలో వీడియో కాల్ చేసి, "ప్రొఫెసర్, నా ఉద్యోగం మా అమ్మాయికిచ్చారు. ఆచెంగ్ కాళ్లు నా కాళ్ల కంటే బావుంటాయి. ఈగలకి పండగే!" అని పకపకా నవ్వాడు. వెనకాల ఇరవై ఏళ్ల పిల్ల చెయ్యూపింది. మోకాలి కింద నుంచి చీలమండ దాకా దద్దుర్లు. వంటింట్లో కాఫీ కలుపుతున్న సూర్యప్రకాశ్ గారు కూడా ఆ కాళ్లు చూశారు. పద్మిని గారు మాత్రం నవ్వలేదు. ఫోన్ పెట్టేసి గ్యారేజ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నారు.

గ్యారేజ్‌లో ఉన్నది ఆవిడ ట్రాప్. నీలం, నలుపు చారల గుడ్డ ఒక చట్రానికి బిగించి, దాని నిండా జిగురు పూశారు. పక్కన ఒక డబ్బాలో పంచదార నీళ్లు, ఈస్ట్. అది ఇడ్లీ పిండిలా పొంగి వదిలే గాలి మనిషి ఊపిరిలా ఉంటుంది. ఇక కావలసింది మనిషి కాలి వాసన. అంటే ఏమిటి? విడిచిన సాక్సులు. ఊపిరీ చెమటా రెండూ తగిలితే ఈగ అక్కడ మనిషే ఉన్నాడనుకుని వచ్చి అంటుకుంటుంది. మనిషి అక్కడ ఉండక్కర్లేదు. ఆచెంగ్ ప్యాంటు కిందికి దింపుకుని ఇంకో పని చూసుకోవచ్చు.

యూనివర్సిటీలో ఉన్నన్నాళ్లూ స్టూడెంట్ కుర్రాళ్ల సాక్సులు కావలసినన్ని దొరికేవి. ఇప్పుడెక్కడివి? ఇంట్లో ఒక మగాడున్నాడు కదా అంటారా? అదీ ప్రయత్నించారు. సూర్యప్రకాశ్ గారు విడిచిన సాక్సులు పెడితే ట్రాప్ మీద ఒక్క ఈగ వాలితే ఒట్టు. ఏ వాసనా లేని సాక్సు ఇంతకంటే దొరకదని, పద్మిని గారు ప్రతి పరీక్షలోనూ వాటిని పోలిక కోసం పెట్టేవారు. కంట్రోల్ అంటారట. ఆవిడ రాసిన పేపర్ చివర, కంట్రోల్ సాక్సులు సమకూర్చినందుకు భర్తకి కృతజ్ఞతలు అని కూడా వేశారు. ఆయన దాన్ని ఫ్రేమ్ కట్టించి లాండ్రీ రూమ్‌లో తగిలించుకున్నారు. మనిషికి గర్వం ఎక్కడ పుడుతుందో చెప్పలేం!

మే నెలాఖరున మన ఊరి ఫాక్స్ నదిలోనూ నల్ల ఈగలు లేస్తాయి. వీటికి జబ్బు లేదు, కుట్టడం మాత్రం వచ్చు. ట్రాప్‌ని ముందు ఇక్కడ పరీక్షిస్తారు. ఒకవైపు ట్రాప్, ఒకవైపు మనిషి కాలు. కాలి మీద పట్టినన్ని ఈగలు ట్రాప్‌కి అంటుకుంటేనే ఆ ట్రాప్ ఉగాండా వెళ్తుంది. లేకపోతే వచ్చే వసంతం దాకా ఆగాలి. అంటే ఆచెంగ్ కాళ్లు ఇంకో ఏడాది అలాగే ఉండాలన్నమాట. పరీక్ష చూడ్డానికి డబ్బిచ్చే సంస్థ తరఫున షాంటిలీ అనే ఊరి నుంచి ఉజ్వల అనే అమ్మాయి శనివారం వస్తోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, చిన్న వయసులోనే డాక్టరేట్ చేసింది, మహా నిక్కచ్చి అని విన్నాం.

"ఏవండీ, మన గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టండి," అన్నారు పద్మిని గారు, తుమ్ముతూ. మే నెల పుప్పొడికి ఆవిడ ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. "రెండు రోజులు వరసగా వేసుకుని విడిచిన, ఉతకని, చెమట కంపు కొట్టే సాక్సులు కావాలని రాయండి. ఉతకని అన్న మాట మర్చిపోకండేం."

అరోరా తెలుగు కుటుంబాలు అనే వాట్సాప్ గ్రూప్‌కి సూర్యప్రకాశ్ గారు అడ్మిన్. ఆయన ఫోన్ తీశారు. "ఉతకని" అని టైప్ చేశారు. బొటనవేలు ఆగిపోయింది. గ్రూప్‌లో ఎవరెవరున్నారు? గుడి ట్రస్టీ దామోదర్ గారు. ఏ ఇంట్లో పేరంటమైనా ముందు వరసలో ఉండే ఛాయాదేవి గారు. ఆయనతో పాటు వంతెనలు కట్టిన శేషగిరి. వీళ్లందర్నీ పట్టుకుని మీ కంపు సాక్సులివ్వండి అని అడగాలా? సాయంత్రానికి పక్కూరు నేపర్‌విల్ దాకా పాకిపోదూ! తల ఎక్కడ పెట్టుకోవాలి? ఆయన ఆ మాట చెరిపేశారు. ఆలోచించి, ఇలా పంపారు. "ఏటి ఒడ్డు ఊళ్ల ప్రజల చూపు కాపాడే సత్కార్యం కోసం నా శ్రీమతి మీరు వాడిన సాక్సులు సేకరిస్తున్నారు. ఆదివారం గుడిలో చెప్పుల స్టాండ్ దగ్గర పెట్టె ఉంటుంది. ధన్యవాదాలు." కింద రెండు నమస్కారాల బొమ్మలు.

వాడినవంటే వాడినవే కదా, అర్థం చేసుకుంటారు, అని తనకి తాను సర్దిచెప్పుకున్నారు.

ఆదివారం పొద్దున్నే పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముందుగా ఛాయాదేవి గారు వచ్చారు. చేతిలో గిఫ్ట్ కవర్.

"అన్నయ్యగారూ, రెండుసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చాను. ఇవిగో ఈ ఊదారంగువి మోకాళ్ల దాకా వస్తాయి, చలికి బావుంటాయి. దానం ఇచ్చేటప్పుడు విడిచిన గుడ్డ ఇస్తామా చెప్పండి, పాపం కదూ!" అంటూ ప్రతి జతకీ కుంకుమ బొట్టు పెట్టిన సంగతి కూడా చూపించారు.

సూర్యప్రకాశ్ గారు నిజం చెబుదామనుకున్నారు. నోరు తెరిచారు. పరువు మళ్లీ ఆ నోటిని మూసేసింది. "చాలా సంతోషమమ్మా," అన్నారు.

తర్వాత దామోదర్ గారు. కాస్ట్‌కో షాపులో కొన్న ప్యాకెట్, లేబుల్ కూడా తియ్యలేదు. "వాడినవి అన్నారు గానీ, మనసొప్పలేదండీ. మనమేమన్నా అంత హీనంగా ఉన్నామా?" అని భుజం తట్టి వెళ్లారు. శేషగిరి మూడు జతలు తెచ్చాడు. "మా ఆవిడ ఉతికేటప్పుడు సాఫ్ట్‌నర్ రెండు మూతలు పోసిందోయ్ సూర్యం. వాసన చూడు, మల్లెపూలే!" ఒకరిని చూసి ఒకరు. మధ్యాహ్నానికి పెట్టె పొంగిపోయింది. మన వాళ్లు మంచివాళ్లండీ, ఆ మంచితనమే కొంప ముంచింది. హారతి అయ్యాక దామోదర్ గారు మైకులో పద్మిని గారి సేవ గురించి చెప్పి చప్పట్లు కొట్టించారు. పూజారి గారు ఆ పెట్టె మీద కూడా కాసిని అక్షింతలు చల్లారు. మల్లె, లావెండర్, కర్పూరం కలిసిన ఆ సువాసనకి సూర్యప్రకాశ్ గారి ముక్కు పండగ చేసుకుంటోంది. ఆయన మాత్రం సాక్సుల్ని లోపలికి నొక్కి గబగబా మూత మూసేశారు.

ఇంటికి రాగానే పద్మిని గారు ఎదురొచ్చారు. "ఎలా ఉన్నాయండీ, గట్టిగా కొడుతున్నాయా?"

"నా ముక్కు ఇలాంటిది ఎప్పుడూ ఎరగదు," అన్నారాయన. అబద్ధం కాదు కదా!

"అబ్బ, బతికించారు. ఇంక మూత తియ్యకండి, వాసన పోతుంది." ఆవిడ మూసుకుపోయిన ముక్కుతోనే పెట్టె చుట్టూ టేపు వేసి, గ్యారేజ్‌లో పెట్టేశారు. శనివారం దాకా ముట్టుకోకూడదట.

సోమవారం చెప్పేద్దామని కాఫీ పట్టుకుని వెళ్లారు. ఆవిడ ఒడోంగ్‌తో వీడియోలో ఉన్నారు. "శనివారం ఒక్కటీ దాటనీ ఒడోంగ్. తర్వాత మీ అమ్మాయిని ప్యాంటు దింపుకోమను," అంటున్నారు ఇంగ్లీషులో. ఆవిడ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో ఆయనకి గుర్తు రాలేదు. కాఫీ అక్కడ పెట్టి, చెప్పవలసిన మాట మింగేసి, బయటికొచ్చారు. పిరికితనం కాకపోతే ఏమిటది? నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ మనిషి ఊరికే కూర్చోలేదు. ముందురోజు కంగారులో మార్చడం మర్చిపోయిన గుడి సాక్సులు ఇంకా కాళ్లకే ఉన్నాయి. విప్పబోయి ఆగారు. విప్పలేదు.

ఆ వారం సూర్యప్రకాశ్ గారు పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. ఎండలో లాన్ కోసి వచ్చి అవే సాక్సులు. మాల్‌లో వాకింగ్‌కి అవే సాక్సులు. స్నానానికి విప్పి జిప్ కవర్లో దాచడం, ఒళ్లు తుడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మళ్లీ అవే తొడుక్కోవడం. పూజగదిలోకి వెళ్లడం మానేశారు, గుమ్మం బయట్నుంచే దణ్ణం. నడుం నొప్పని వంక పెట్టి గెస్ట్ రూమ్‌లో పడుకున్నారు. లాండ్రీ రూమ్ ముందు నుంచి వెళ్లేటప్పుడు తల దించుకునేవారు. గోడ మీద ఆ ఫ్రేమ్ ఉంది కదా మరి.

గురువారం వాకింగ్ నుంచి శేషగిరి కార్లో తిరిగొస్తుంటే అతను కిటికీలన్నీ దించాడు. "ఏవోయ్ సూర్యం, నా కార్లో ఎలకేమన్నా చచ్చిందంటావా?"

"ఏమో, చూపించుకో," అన్నారు సూర్యప్రకాశ్ గారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది సిగ్గుకో, వాసనకో చెప్పడం కష్టం.

ఆయన ప్లాను సులువైనది. శనివారం ఏటి ఒడ్డున పద్మిని గారు అటు తిరగ్గానే ట్రాప్‌లో తన సాక్సులు పెట్టేయాలి. ఎవరికీ తెలియదు, ట్రాప్ నెగ్గుతుంది, పరువూ దక్కుతుంది. ఈగలు తన సాక్సుల వైపు జన్మలో రాలేదన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇంకోసారి లాన్ కోసేవారు. గడ్డి లేకపోయినా కోసేవారు.

శనివారం వచ్చింది. డ్యామ్ కింద నీళ్లు జోరుగా పారే చోట, పార్క్ వాళ్ల అనుమతితో ట్రాప్ నిలబెట్టారు. కాస్త దూరంలో పద్మిని గారు మడత కుర్చీలో కూర్చుని, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, ఒళ్లో గొట్టాల డబ్బా పెట్టుకున్నారు. కాలు ఎవరిదైనా కావాలంటే ఆవిడ ఎప్పుడూ తనదే పెడతారు. ఇక్కడ ఈగ కుడితే దురదే కదా, అక్కడి వాళ్లకైతే ఇన్నేళ్లూ కళ్లే పోయాయి అంటారు.

ఉజ్వల తలకి వలటోపీ పెట్టుకుని ట్రాప్ పక్కనే నిలబడింది. "ఆంటీ, నేను ఇవాళ ఏమీ హెల్ప్ చెయ్యను, ఏమీ చెప్పను. జస్ట్ చూస్తాను. రూల్ అది," అంది అమెరికా యాసలో. అలా చెప్పి అంగుళం కదలదే! సూర్యప్రకాశ్ గారు మంచినీళ్లు కావాలా అమ్మా అన్నారు. వద్దంది. అక్కడ బాతులున్నాయి చూస్తావా అన్నారు. వద్దంది. రెస్ట్‌రూమ్ అటువైపుంది అని కూడా అన్నారు పాపం. ఉజ్వల ఆయన్ని అదోలా చూసింది.

పద్మిని గారు టేపు కోసి, పెట్టెలోంచి చేతికందిన కవర్లు తీసి, వాసన పోకుండా గబగబా ట్రాప్ వెనక సంచిలో కుమ్మరించి, వచ్చి కూర్చున్నారు. ఉజ్వల ముక్కు ఒకసారి కదిలింది. కనుబొమలు పైకి లేచాయి. రూల్ కాబట్టి ఏమీ అనలేదు.

గంట గడిచింది. పద్మిని గారి కాలి మీద ఈగలు వాలుతున్నాయి, ఆవిడ గొట్టం మీద గొట్టం నింపుతున్నారు. ట్రాప్ వైపు చూస్తే చారల గుడ్డ తళతళా మెరుస్తోంది. దాని మీద ఒకే ఒక్క తేనెటీగ అంటుకుని ఉంది. మల్లెపూలనుకుని వచ్చింది కాబోలు.

పద్మిని గారు లేచారు. ట్రాప్ దగ్గరికెళ్లి సంచిలో చెయ్యి పెట్టి ఒక సాక్సు తీశారు. ఇస్త్రీ మడత. మడత మీద కుంకుమ బొట్టు. రెండోది తీశారు, కాస్ట్‌కో లేబుల్ వేలాడుతోంది. ఆవిడ ఆ రెండూ పట్టుకుని నెమ్మదిగా మొగుడి వైపు తిరిగారు.

"ఏవండీ. ఉతకని అని రాయమన్నాను కదా."

"రాశాను," అన్నారు సూర్యప్రకాశ్ గారు. "రాసి చెరిపేశాను."

"ఎందుకని?"

"గ్రూప్‌లో అందరూ ఉన్నారు పద్మినీ. దామోదర్ గారున్నారు. నలుగురూ ఏమనుకుంటారో అని... నాకు సిగ్గేసింది."

పద్మిని గారు అరిచినా బావుండేది. అరవలేదు. కళ్లు తుడుచుకోవడానికి చేతిలో ఉన్న కుంకుమ సాక్సే వాడారు.

"ఆచెంగ్ కాళ్లు చూశారు కదండీ మీరు," అన్నారు. "ఆ పిల్ల కాళ్ల కంటే మీ సిగ్గు పెద్దదయిందా?"

ఆ మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పక్కనున్న రాయి మీద కూర్చుని, బూట్ల లేసులు విప్పారు.

ఫాక్స్ నది ఒడ్డున అంతకు ముందు అలాంటి వాసన వచ్చి ఉండదు. ఉజ్వల మూడడుగులు వెనక్కి వేసింది. "ఓ మై గాడ్, అంకుల్!" రూలూ గీలూ ఎగిరిపోయాయి. మూసుకుపోయిన పద్మిని గారి ముక్కు కూడా ఒక్కసారి తెరుచుకుంది.

"ఇవెక్కడివి?" అన్నారావిడ నమ్మలేక.

"నావే. పోయిన ఆదివారం నుంచి విప్పలేదు." ఆయన ఆ జతని రెండు వేళ్లతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని అందించారు. "పనికొస్తాయో లేదో తెలీదు. నావి ఎప్పుడూ పనికి రాలేదు కదా."

పద్మిని గారు ఆ సాక్సుల్ని చూశారు, ఆయన్ని చూశారు. చొక్కా గుండీ ఒక్కటి ఊడినా బయటికి రాని మనిషి. ఆవిడ కోపం ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలీలేదు. అయినా పైకి మాత్రం, "ముందే చెప్పి ఏడవొచ్చు కదా!" అని కసిరారు.

ఉజ్వల ముక్కు చేత్తో మూసుకునే మాట్లాడింది. "ఆంటీ, రూల్ ప్రకారం బెయిట్ ఒకసారి మార్చచ్చు. ఈ గంట కౌంట్ అవదు, ఫస్ట్ నుంచి మొదలు. కానీ ఎందుకు మార్చారో నేను రిపోర్ట్‌లో రాయాలి. నిజం రాయాలి. ఆ రిపోర్ట్ అన్ని కంట్రీస్ వాళ్లు చదువుతారు." కాస్త ఇబ్బందిగా ఆయన వైపు చూసింది. "అంకుల్, మీకు ఓకేనా?"

అరోరా గ్రూప్‌లో రాయడానికి సిగ్గుపడ్డ మాట ఇప్పుడు దేశదేశాల ఈగల సైంటిస్టులు చదువుతారట! సూర్యప్రకాశ్ గారు పాదాల వైపు చూసుకున్నారు. నీళ్లలోకి చూశారు.

"రాయమ్మా," అన్నారు. "నా పేరు పూర్తిగా రాయి. ఇంటిపేరుతో సహా."

ఉజ్వల రాసింది. మేం తర్వాత ఆ రిపోర్ట్ చూశాం. "మొదటి ఎర మార్చబడింది. కారణం, ప్రొఫెసర్ గారి భర్త సిగ్గుపడ్డారు." కింద ఆయన పేరు, ఇంటిపేరుతో సహా.

సాక్సులు సంచిలోకి వెళ్లాయి. పద్మిని గారు కుర్చీలో కూర్చున్నారు. సూర్యప్రకాశ్ గారు రాతి మీదే ఉండిపోయారు, వట్టి కాళ్లతో, పాఠం ఒప్పజెప్పని పిల్లాడిలా. గుడ్డ మీద ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. ఆయన జన్మలో మొదటిసారిగా, దేవుడా నా కాళ్లు కంపు కొట్టాలి, అని మొక్కుకున్నారు.

ఒక చుక్క. నీలం చార మీద నల్లటి చుక్క. తర్వాత ఇంకోటి. అది కదిలింది, రెక్క విదిలించింది, జిగురు వదల్లేదు. ఆ తర్వాత గుడ్డ మీద మిరియాల పొడి చల్లినట్టు మొదలయ్యాయి.

"ఆంటీ! ఫ్లైస్ వస్తున్నై! చాలా వస్తున్నై!" అని ఉజ్వల గంతులేసింది. నిక్కచ్చి పిల్ల అని ఎవరన్నారో గానీ.

అంతలో సూర్యప్రకాశ్ గారు "అబ్బా!" అని అరిచారు. చీలమండ మీద చురుక్కుమంది. వంగి చూస్తే గూనివీపు నల్ల ఈగ, దర్జాగా కూర్చుని ఉంది. ఆయన కొట్టబోయారు.

"కదలకండి!" పద్మిని గారు పరుగున వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, గొట్టం బోర్లించి దాన్ని పట్టేశారు. ఆ గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూస్తూ అలాగే ఉండిపోయారు. తర్వాత భర్త మొహంలోకి చూసి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ ఆయన మోకాలి మీద తల ఆన్చేశారు.

"ఇంక మీరు నాకు కంట్రోల్‌గా పనికిరారండీ," అన్నారు. "ఆ ఫ్రేమ్ తీసెయ్యండి."

సాయంత్రానికి కాలి మీద పట్టిన వాటి కంటే ట్రాప్‌కి అంటుకున్నవే ఎక్కువ తేలాయి. ఉజ్వల సంతకం చేసి, కారెక్కే ముందు సూర్యప్రకాశ్ గారికి చెయ్యి ఇవ్వబోయి, ఆలోచించి, దూరం నుంచే నమస్కారం పెట్టింది. ఆయన ఇంటికెళ్లి, ఎంతసేపు స్నానం చేశారో అడక్కండి. బయటికొచ్చి గ్రూప్‌లో మెసేజ్ పెట్టారు. ఈసారి పద్మిని గారు చెప్పింది చెప్పినట్టు, ఉతకని, చెమట కంపు కొట్టే, అన్నీ ఉన్నాయి. కింద జరిగినదంతా కూడా రాశారు. ముందుగా శేషగిరి రాశాడు, "అయితే నా కార్లో ఎలక నువ్వేనన్నమాట!" ఛాయాదేవి గారు ఫోన్ చేసి, "అయ్యో అన్నయ్యగారూ, ఆ ముక్క ముందే చెప్తే మా ఆయనవి బండెడు ఇచ్చేదాన్ని కదా," అని వాపోయారు.

మిగిలింది ఆ పెట్టె. పూజారి గారు అక్షింతలు చల్లిన, కుంకుమ బొట్ల, మల్లెపూల సాక్సుల పెట్టె. దాన్ని ఏం చెయ్యాలో సూర్యప్రకాశ్ గారికే తట్టింది. ట్రాప్‌లతో పాటు దాన్నీ ఉగాండా పంపించారు.

ఆగస్టులో ఒక ఫోటో వచ్చింది. పద్మిని గారు ఫోన్ తీసుకుని లాండ్రీ రూమ్ గుమ్మంలోకి వచ్చి ఆయనకి చూపించారు. ఏటి ఒడ్డున నీలం నలుపు చారల ట్రాప్, దాని నిండా ఈగలు. పక్కన ఆచెంగ్ నిలబడి నవ్వుతోంది. ప్యాంటు మడత దింపి ఉంది. దాని మీదుగా మోకాళ్ల దాకా లాక్కుని ఛాయాదేవి గారి ఊదారంగు సాక్సులు వేసుకుంది. కుంకుమ బొట్టు ఇంకా కనపడుతోంది. వెనకాల ఒడోంగ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కూతురున్న వైపు సరిగ్గా తెలియక కాస్త పక్కకి తిరిగి, అయినా పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.

సూర్యప్రకాశ్ గారు ఆ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి, ఆ సాక్సుల్నే చాలాసేపు చూశారు. ఒక్క దద్దురు కూడా కనపడని కాళ్లు. చేతిలో ఉన్న తడి సాక్సు పక్కన పెట్టారు.

"పద్మినీ," అన్నారు, "ఆ పిల్లకి గట్టిగా చెప్పు. ఎవరేమనుకున్నా సరే, వాటిని ఉతకద్దని."